రెండు పనుల యంత్రము: కొనుటకు ముందు

గుంటూరు నుండి తెనాలికి పోవు బాటలో వడ్లమూడి యను గ్రామమున్నది. పేరులోనే వడ్లను మోయుచున్న ఊరు. తెనాలి వైపు సాగినకొలది కృష్ణ కాలువల క్రింద మాగాణి పొలములు కనబడును. వరి కోసిన పిదప ఆ నేలలోనే మినుము పండింతురు. ఈ ఊరిలోని రెండు సంస్థలు చుట్టుప్రక్కల పల్లెల బ్రతుకును చాలవరకు మార్చినవి. ఒకటి సంగం డెయిరీ. రెండవది విజ్ఞాన్ విద్యాసంస్థ. ఇది 1997లో ఇంజనీరింగు కళాశాలగా ఆరంభమై, 2008లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తిని పొందినది. పాల బండ్లును, పుస్తకముల సంచులును ఒకే బాటన పోవుట అచ్చట నిత్యము కనబడు దృశ్యము.

నేడు నేను చెప్పబోవు విషయమునకు ఈ రెండింటితోను సంబంధము కలదు. ప్రతి సంవత్సరము కళాశాలలు తెరచు దినములలో వేలకొలది కుటుంబములు ఒక వస్తువును కొనుటకు బయలుదేరును. అది కంప్యూటరు. అందులోను ఈ మధ్య పిల్లలు ఎక్కువగా అడుగుచున్నది రెండు పనుల యంత్రము. మూత తెరచి కీబోర్డుపై టైపు చేసినచో అది ల్యాప్‌టాప్. కీబోర్డును విడదీసినను, వెనుకకు మడచినను అది టాబ్లెట్. అనగా, ఒకప్పుడు మనము బలపముతో వ్రాసిన పలక వంటిది. వెల స్వల్పము కాదు. ఒక పంట మీద మిగిలిన సొమ్ము అంతయు దానికి సరిపోవచ్చును. కాని ఎద్దును కొనునపుడు పళ్ళు చూచి, నడక చూచి, నాగలికి కట్టి చూచి గాని రూపాయి ఇవ్వని మనము, ఈ యంత్రమును మాత్రము దుకాణపు దీపముల వెలుగులో పావుగంట చూచి కొనుచున్నాము.

ఈ మాట పరులను గూర్చి చెప్పుట లేదు. ఆ పొరపాటు చేసినవాడను నేనే.

నేను ముప్పది సంవత్సరములు లెక్కలు చెప్పి విశ్రాంతి పొందినవాడను. మూడు సంవత్సరముల క్రిందట మా తమ్ముని కుమారునకు ఇంజనీరింగులో సీటు వచ్చినది. తమ్ముడు వ్యవసాయదారుడు. “అన్నయ్యా, మనకిది తెలియని బేరం. నువ్వొచ్చి చూసి చెప్పు” అని నన్ను వెంట తీసికొని పోయెను. దుకాణములోని కుఱ్ఱవాడు ఒక యంత్రమును తెచ్చి, టక్కున తెరను ఊడదీసి నా చేతిలో పెట్టెను. తేలికగా నున్నది. వ్రేలితో వ్రాసిన అక్షరము పడుచున్నది. నాకు చిన్ననాటి పలక జ్ఞాపకము వచ్చినది. వెల కూడ తక్కిన వాటికంటె తక్కువ. “ఇది తీసుకో” అంటిని. అంతకుమించి ఒక్క ప్రశ్నయైన అడుగలేదు.

మరుసటి సంవత్సరము సంక్రాంతి సెలవులలో ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చినపుడు ఏదో కాగితము తీసి చూపవలసి యంత్రమును తెరచెను. తెరచుటకే చాలసేపు పట్టినది. పిదప జాగా లేదని సూచన వచ్చినది. “ఇదేమిరా?” అంటిని. “ఏం లేదు పెదనాన్నా, బాగానే ఉంది” అనెను. లెక్కల మాష్టరుకు పిల్లవాని ముఖము చదువుట తెలియును. మెల్లగా అడుగగా విషయము బయటపడినది. కొన్న నాలుగు నెలలకే అది నిండిపోయినదట. ప్రయోగశాల పాఠములకు కావలసిన ప్రోగ్రాములు అందులో ఎక్కలేదట. ప్రక్కగది స్నేహితుడు నిద్రించిన పిదప, అర్ధరాత్రి నుండి తెల్లవారుజాము వరకు అతని యంత్రముపై తన పని చేసికొనుచుండెనట. “మీ నాన్నతో చెప్పలేదేమిరా?” అని అడిగితిని. “రేటు రాకముందే మినుములన్నీ అమ్మేశాడు పెదనాన్నా. ఇది పనికి రాదని ఎట్లా చెప్పేది?” అనెను.

ఆ మాట నన్ను చాలకాలము వదలలేదు. తప్పు ఆ అబ్బాయిది కాదు. దుకాణమువారు అబద్ధమాడలేదు. యంత్రములో దోషమును లేదు. దానిలో పనిచేయు జ్ఞాపకశక్తి, అనగా ర్యామ్, 4 జి.బి.; వస్తువులు దాచు చోటు 64 జి.బి. పెట్టె మీద ఈ సంఖ్యలు స్పష్టముగా అచ్చువేయబడియే యున్నవి. నేనే చదువలేదు. విండోసు 11 అను నడుపు వ్యవస్థకు కనీసము కావలసినది సరిగా ఈ 4, ఈ 64 మాత్రమే. కనీసమనగా యంత్రము లేచి కూర్చుండుటకు చాలునని అర్థము. బరువు మోయుటకు చాలునని కాదు. ఆ 64లో వ్యవస్థకే చాల భాగము పోవును. అప్పుడప్పుడు వచ్చు పెద్ద మార్పులకు మరికొంత ఖాళీ కావలెను. మిగిలినది ఒక విద్యార్థి చదువునకు చాలదు.

ఇప్పుడు ఆ అబ్బాయి చెల్లెలికి కూడ సీటు వచ్చినది. ఈసారి బయలుదేరుటకు ముందు నేను కూర్చుండి నేర్చుకొంటిని. ఆ నేర్చినది మీతో పంచుకొనుటకే ఈ ప్రసంగము.

మొదట ఈ యంత్రపు పుట్టుక కొంచెము తెలిసికొనుట మేలు; దాని చరిత్రలోనే కొనువారికి పాఠములున్నవి. పుస్తకమంత కంప్యూటరు పిల్లల చేతిలో ఉండవలెనను ఊహను అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాలయమున ఆలన్ కే అను శాస్త్రజ్ఞుడు 1972లో ప్రకటించెను. దానికి డైనాబుక్ అని పేరు పెట్టెను. ఆనాటికది ఊహ మాత్రమే. 2002 నవంబరులో మైక్రోసాఫ్టు సంస్థ పెన్నుతో వ్రాయదగిన టాబ్లెట్ కంప్యూటర్లను ప్రవేశపెట్టినది. అవి బరువైనవి, ఖరీదైనవి, కనుక సామాన్యులను చేరలేదు. 2010లో యాపిల్ సంస్థ ఐపాడ్ వచ్చినది. చేతిలో పట్టుకొను పలకపై లోకమునకు మోజు కలిగినది దానితోనే. 2012లో లెనోవో సంస్థ పూర్తిగా వెనుకకు మడచు యోగా యంత్రమును, మైక్రోసాఫ్టు కీబోర్డు విడిపోవు సర్ఫేసును విడుదల చేసినవి. నేటి రెండు పనుల యంత్రములలో అధిక భాగము ఈ రెండింటి సంతతియే.

ఆ 2012 నాటి సర్ఫేసులో మొదట వచ్చినది ఆర్.టి. అను రకము. చూచుటకు విండోసు వలెనే యుండెను. కాని అందులోని ప్రాసెసరు వేరు జాతిది. కావున అంతవరకు జనులు వాడుచుండిన విండోసు ప్రోగ్రాములు దానిలో ఎక్కలేదు. కొనువారు తగ్గిరి. 2013 జూలైలో ఆ సంస్థ దాని నిమిత్తము 90 కోట్ల డాలర్ల నష్టమును లెక్కలో వ్రాసికొనవలసి వచ్చినది. ముఖము ఒకటే యైనంత మాత్రమున పని ఒకటే కాదన్నది అందలి పాఠము.

మన దేశమున 2011 అక్టోబరు 5న విద్యార్థులకై ఆకాశ్ అను చవుక టాబ్లెట్ ఢిల్లీలో విడుదలయ్యెను. ఉద్దేశము ఉన్నతమైనది. కాని అందులోని ర్యామ్ 256 ఎమ్.బి. మాత్రమే, తెరయో, గట్టిగా నొక్కిన గాని స్పర్శ తెలియని రకము. పిల్లవాని చేతికి వచ్చిన వస్తువు పిల్లవాని పనికి రావలెనన్న, వెల తగ్గుట యొక్కటే చాలదని అది తెలిపినది.

ఇక బజారులో నున్న రకములు. ఇవి స్థూలముగా మూడు. మొదటిది విడదీయునది. దీనిలో సర్వమును తెర వెనుకనే యుండును. కీబోర్డు అయస్కాంతముతో అంటుకొనును. వీపున ఒక కాలు తెరచుకొని తెరను నిలబెట్టును. పలకగా వాడుటకు ఇది హాయి. 13 అంగుళముల పలక బరువు 800 నుండి 900 గ్రాముల వరకు ఉండును. రెండవది మడతపెట్టునది. తెర పూర్తిగా వెనుకకు తిరిగి కీబోర్డు వీపున చేరును. ఇది మొదట ల్యాప్‌టాప్, తరువాతనే పలక. 14 అంగుళముల యంత్రము కిలోన్నర వరకు తూగును. ఒంటిచేత పట్టుకొని చదువుట కష్టము. మూడవది ఆండ్రాయిడ్ టాబ్లెట్ లేదా ఐపాడ్ వంటి దానికి కీబోర్డును తగిలించినది. చదువుటకు, వినుటకు, చేతివ్రాతకు ఇది మంచి సాధనము. కాని కళాశాల ప్రయోగశాలలో వాడు ప్రోగ్రాములు దీనిపై నడచునని అనుకొనరాదు.

ఈ మూడింటిలో ఏది మంచిదని మీరు అడుగుదురు. ఆ ప్రశ్నయే సరియైనది కాదు. దుక్కిటెద్దు మంచిదా, బండి ఎద్దు మంచిదా అని ఎవరైన అడుగుదురా? యంత్రమును యంత్రముతో పోల్చుటకు ముందు, యంత్రమును పనితో పోల్చవలెను. ఒక కాగితము తీసికొని విద్యార్థి దినచర్యను వ్రాయుడు. రోజునకు ఎన్ని గంటలు టైపు చేయవలెను? ఎన్ని గంటలు చేతితో వ్రాయవలెను? ఏ ప్రోగ్రాములు కావలెను? ఎచ్చట కూర్చుండును? ఈ నాలుగింటికి సమాధానములు వచ్చిన పిదపనే దుకాణమునకు పోవలెను.

ఎచ్చట కూర్చుండుననుట చిన్న ప్రశ్న కాదు. వసతిగృహములో బల్ల అందరికి దొరకదు. పిల్లలు మంచముమీద కూర్చుండి ఒడిలో యంత్రమును పెట్టుకొందురు. విడదీయు యంత్రపు వీపుకాలు నిలువవలెనన్న వెనుక జానెడు చోటు కావలెను. ఒడిలో నది ఊగును. ఇరుకు బెంచీపై జారును. మడతపెట్టునది ఒడిలో స్థిరముగా నిలుచును. కనుక దుకాణములో నిలబడి చూడక, కుర్చీ అడిగి కూర్చుండి, ఒడిలో పెట్టుకొని పది పంక్తులు టైపు చేయించుడు. ఎవరైన నవ్వినచో నవ్వనిండు.

తరువాత పెన్ను. వ్రాయుటకే ఈ యంత్రమును కొనుచున్నవారు పెన్నును తప్పక పరీక్షింపవలెను. పెన్నునకు 4096 ఒత్తిడి మెట్లున్నవని ప్రకటనలు గొప్పగా చెప్పును. అంతకంటె ముఖ్యమైనవి రెండు. పెన్ను కదిలిన వెంటనే గీత దాని వెంట వచ్చుచున్నదా? చేయి తెరపై ఆనినపుడు అనవసరపు గీతలు పడుచున్నవా? ఒక స్కేలును ఏటవాలుగా పెట్టి మెల్లగా గీత గీయించుడు. నాసిరకపు తెరపై ఆ గీత పాము వలె వంకరలు తిరుగును. విద్యుత్ వలయములు, యంత్రపు బొమ్మలు గీయువారికి ఇది పెద్ద చిక్కు. తెలుగు వ్రాయువారికి మరియొక పరీక్ష. మన తలకట్టు ఎంత చిన్న గీత! మందమైన పెన్ను దానిని మ్రింగివేయును. “జ్ఞానము”, “ఘృతము” అని వేగముగా వ్రాయించి, వత్తులును, తలకట్లును నిలిచినవో లేవో చూడుడు. ఆంగ్ల చేతివ్రాతను అచ్చుగా మార్చు యంత్రము తెలుగును కూడ మార్చునను నమ్మకము లేదు. అచ్చటనే వ్రాసి చూడవలెను. ప్రతి పెన్ను ప్రతి యంత్రమునకు పనిచేయదు. ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క పద్ధతిని అనుసరించును. పోయినచో మరల అదే జాతి పెన్ను దొరకునా అని కూడ విచారింపవలెను.

తెర ఆకారమును కూడ గమనింపుడు. సినిమాలకు అనువైన తెర వెడల్పు 16, ఎత్తు 9 పాళ్ళలో నుండును. దానిని నిలువుగా పట్టి పలకగా వాడినచో పొడవైన చీలిక వలె కనబడును. వెడల్పు 3, ఎత్తు 2 పాళ్ళలో నున్న తెర మనము వ్రాయు కాగితమునకు దగ్గర. 16, 10 పాళ్ళు మధ్యస్థము. వ్రాతపని ఎక్కువ గలవారు ఈ రెండింటిలో ఒకటి ఎన్నుకొనుట మేలు. తెర వెలుగును నిట్లలో కొలుతురు. 250 నిట్ల తెర గదిలో చాలును. కిటికీ ప్రక్క బెంచీపై చాలదు. 400 నిట్లు ఉండిన సుఖము.

ఇప్పుడు డెయిరీ మాటకు వత్తును. పాలకేంద్రమున గేదె పాలను ఎట్లు కొలుతురో మన పల్లెలలో పిల్లవానికి కూడ తెలియును. నురగ చూచి వెల కట్టరు. వెన్న ఎంత శాతము, వెన్నగాక మిగిలిన ఘనపదార్థము ఎంత అని పరీక్షించి వెల కట్టుదురు. యంత్రమునకు కూడ వెన్న వంటివి మూడు కలవు: ర్యామ్, నిలువచోటు, ప్రాసెసరు. తక్కినది చాలవరకు నురగ. నేడు ఇంజనీరింగు విద్యార్థికి 8 జి.బి. ర్యామ్ తక్కువ పక్షము. నాలుగేండ్లు నడువవలెనన్న 16 ఉండుట మంచిది. ఈ యంత్రములలో ర్యామ్‌ను లోపలి పలకకే అతికి యుందురు గనుక తరువాత పెంచుకొందమనుట సాధారణముగా కుదరదు. నిలువచోటు 256 జి.బి.కి తగ్గరాదు, 512 హాయి. అది ఏ రకమో కూడ అడుగవలెను. చవుక యంత్రములలో ఇ.ఎమ్.ఎమ్.సి. అను నెమ్మది రకమును వాడుదురు, ఎస్.ఎస్.డి. అనునది దానికంటె అనేక రెట్లు వేగము గలది. పెట్టె మీద అంకె ఒకటే యైనను నడకలో తేడా యిచ్చటనే పుట్టును.

ప్రాసెసరు విషయమున పేరుకంటె జాతిని ముందు తెలిసికొనవలెను. ఇంటెల్, ఎ.ఎమ్.డి. సంస్థల ప్రాసెసర్లు ఒక జాతి. ఆర్మ్ నిర్మాణముపై నడచు స్నాప్‌డ్రాగన్ వంటివి వేరొక జాతి. 2024 నుండి ఈ రెండవ జాతితో విండోసు యంత్రములు విరివిగా వచ్చుచున్నవి. వేడి తక్కువ, బ్యాటరీ ఎక్కువసేపు నిలుచును. పాత ప్రోగ్రాములను అనువదించి నడుపు శక్తియు వీటికి 2012 కంటె ఎంతో పెరిగినది. అయినను కొన్ని ఇంజనీరింగు ప్రోగ్రాములు, ప్రయోగశాల పరికరములను కలుపు చిన్న ప్రోగ్రాములు వీటిపై నడువకపోవచ్చును. కావున కళాశాలలో ఏయే ప్రోగ్రాములు వాడుదురో పట్టిక తెచ్చుకొని, ఒక్కొక్కటి ఈ జాతిపై నడచునో లేదో దానిని తయారుచేసినవారి మాటనుబట్టి నిర్ణయింపవలెను. కొన్ని చిన్న యంత్రములు ఎస్ మోడ్ అను కట్టుబాటుతో వచ్చును. అందులో మైక్రోసాఫ్టు సొంత అంగడిలోని ప్రోగ్రాములు మాత్రమే ఎక్కును. ఆ కట్టును రుసుము లేకుండ విప్పుకొనవచ్చును గాని, మరల కట్టుటకు వీలులేదు.

మన ఎండలను మరువరాదు. పలువురు తయారీదారులు తమ యంత్రములు 35 డిగ్రీల వేడి వరకు సరిగా పనిచేయునని వ్రాయుదురు. గుంటూరు సీమలో మే నెల ఎండ 40 దాటుట మన కనుభవమే. ఫ్యాను లేని పలుచని యంత్రము చప్పుడు చేయదు, దుమ్ము పీల్చదు. కాని వేడెక్కినపుడు తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. గంటలకొలది లెక్కకట్టు ప్రోగ్రాములు నడుపువారికి ఫ్యాను గలదే మంచిది. పాఠములు వ్రాసికొనుటకు, వీడియో పాఠములు చూచుటకు ఫ్యాను లేనిది చాలును.

బ్యాటరీ పది గంటలు, పదునైదు గంటలు అను మాటలను అట్లే నమ్మనక్కరలేదు. వాట్ గంటలు ఎన్ని అని అడుగుడు. 50 వాట్ గంటల బ్యాటరీ గల యంత్రము సగటున 8 వాట్లు వాడినచో ఆరు గంటలకు పైగా నిలుచును. 15 వాట్లు వాడినచో మూడు గంటలు దాటి కొంతసేపు మాత్రమే. ఇది ఐదవ తరగతి భాగహారము. కరెంటు పోవు వేళలు గల పల్లెలో ఈ లెక్క చాల అక్కరకు వచ్చును. యు.ఎస్.బి. సి రంధ్రము ద్వారా చార్జి ఎక్కు యంత్రమైనచో, చార్జరు పాడైనపుడు తగిన శక్తి గల మరియొకటి సులభముగా దొరకును.

వెల విషయమున ఒక మెలిక కలదు. విడదీయు యంత్రములలో కొన్నిటికి ప్రకటించిన వెల పలకకు మాత్రమే. కీబోర్డు వేరు, పెన్ను వేరు. ఇవి చేర్చిన పిదప చవుక అనుకొన్నది ఖరీదైనదానిని మించిపోవచ్చును. కనుక వెలను పోల్చునపుడు పలక, కీబోర్డు, పెన్ను, సంచి అన్నియు కూడి ఎంత అని ఒకే పంక్తిలో వ్రాసి పోల్చవలెను. తెర పగిలిన మార్చుటకు ఎంత అగునో, గుంటూరులో గాని విజయవాడలో గాని ఆ సంస్థ మరమ్మతు కేంద్రమున్నదో లేదో అప్పుడే విచారింపవలెను. పలుచని పలకలలో తెరను జిగురుతో అతికియుందురు; విప్పుట కష్టము, మార్చుట ఖరీదు. ప్రమాదవశమున పగిలినపుడు వర్తించు అదనపు హామీ, విద్యార్థి విషయమున దండుగ కాదు.

మన ప్రాంతమున అమెరికాలో బంధువులు లేని ఇల్లు అరుదు. “మా అల్లుడు తెస్తాడు, అక్కడ చవక” అని ఎదురుచూచువారు పలువురు. తేవచ్చును. చార్జర్లు చాలవరకు 100 నుండి 240 వోల్టుల వరకు తట్టుకొనును గనుక కరెంటుతో చిక్కు లేదు. ప్లగ్గు మార్చిన చాలును. కాని అచ్చటి హామీ ఇచ్చట చెల్లునా అన్నది సంస్థనుబట్టి, రకమునుబట్టి మారును. చెల్లనిచో ఒక్క మరమ్మతుతో మిగిలిన సొమ్ము కరిగిపోవును.

వాడినదానిని కొనువారికి రెండు మాటలు. విండోసు 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. కావున విండోసు 11 ఎక్కుటకు అర్హత గల యంత్రమునే కొనవలెను. ఇంటెల్ వారి ప్రాసెసరైనచో ఎనిమిదవ తరము గాని అటుపైది గాని కావలెను. రెండవది బ్యాటరీ. విండోసులో బ్యాటరీ నివేదిక తీయు ఏర్పాటు కలదు. తయారైననాటి శక్తి ఎంత, నేటి శక్తి ఎంత అని రెండును ప్రక్కప్రక్కన చూపును. అమ్మువానిని అది తీసి చూపుమని అడుగుట మర్యాదకు భంగము కాదు.

ఇంతయు చెప్పి మరియొక మాట దాచుట న్యాయము కాదు. పెక్కుమంది విద్యార్థులకు ఈ రెండు పనుల యంత్రమే అక్కరలేదు. అదే వెలకు సాధారణ ల్యాప్‌టాప్ కొన్నచో సామాన్యముగా ఎక్కువ ర్యామ్, వేగమైన ప్రాసెసరు దొరకును. వ్రాతకు కాగితపు నోటుపుస్తకము ఉండనే యున్నది. బొమ్మలు గీయవలసినవారు తీగతో తగిలించు చిన్న వ్రాతపలకను వేరుగా కొనుక్కొనవచ్చును. రోజునకు గంటసేపైన తెరపై వ్రాయువారికే ఈ యంత్రము తన వెలను తిరిగి ఇచ్చును.

మా అమ్మాయి విషయమునకు వత్తును. ఈసారి పట్టిక గీసినది నేను కాదు, వాళ్ళ అన్న. మూడు యంత్రములు అడ్డముగా, పండ్రెండు ప్రశ్నలు నిలువుగా. మొదటి ప్రశ్న ర్యామ్ ఎంత అని. దాని ప్రక్కన ఎఱ్ఱసిరాతో రెండు గీతలు. ఎందుకో నాకు తెలియును. తండ్రికి మాత్రము ఇంకను తెలియదు. తెలిసినచో ఎంత బాధపడునో యని మేమిద్దరము సంకోచించితిమి. చివరకు నేనే ధైర్యము చేసి తమ్మునితో అంతయు చెప్పితిని. తప్పు నాది గనుక చెప్పవలసినవాడను నేనే. అతడు చాలసేపు మాటాడలేదు. పిదప కుమారుని వైపు తిరిగి, “నాతో ఒక్క మాట అనకపోయావేరా? మినుములు మళ్ళీ పండుతాయి. నీ రాత్రులు మళ్ళీ వస్తాయా?” అనెను.

మరునాడు నలుగురము కలసి పోయితిమి. అమ్మాయి మూడింటిని ఒడిలో పెట్టుకొని చూచినది, మూడింటిపైనను వ్రాసినది, మూడింటిని చేతబట్టి పది నిమిషములు నిలబడినది. అందరికంటె అందమైనది విడదీయు యంత్రమే. దానినే కొనునని నేననుకొంటిని. “నాకు ఊడదీసే పని నెలకొకసారి కూడా ఉండదు పెదనాన్నా. మంచం మీద కూర్చుని రాసుకునేదాన్ని. ఒడిలో నిలబడేదే నాకు కావాలి” అని మడతపెట్టు దానిని ఎన్నుకొన్నది. 16 జి.బి. ర్యామ్, 512 జి.బి. ఎస్.ఎస్.డి., వ్రాతకు తగిన పెన్ను. బిల్లుపై యంత్రపు సంఖ్య సరిగా వ్రాసిరో లేదో చూచినవాడు మా తమ్ముడు.

పాత యంత్రమును పారవేయలేదు. అందలి బరువు ప్రోగ్రాములన్నియు తీసివేసి, అక్షరములు పెద్దవిగా చేసి మా అమ్మకిచ్చితిమి. కీబోర్డు ఊడదీసి పలకను దిండున కానించి ఆమె ప్రతి సాయంకాలము భాగవత ప్రవచనము వినుచున్నది. ఆ పనికి దానియంత చక్కని వస్తువు లేదు. చెడ్డది కాదది. తన పని కాని పనికి మేము దానిని కట్టితిమి.

తల్లిదండ్రులకు నా విన్నపము ఒక్కటే. యంత్రము కొని చేతిలో పెట్టుటతో మన పని ముగియదు. పదిదినముల కొకమారు, నెలకొకమారు “ఎట్లా ఉంది? పని జరుగుతోందా?” అని అడుగుడు. సరుకు మార్చి ఇచ్చుటకు దుకాణములవారు ఇచ్చు గడువు కొద్ది దినములే. హామీ గడువు కొద్ది కాలమే. అంతకంటె ముఖ్యము, మీరు పడిన కష్టము చూచి పిల్లలు తమ కష్టమును దాచుకొందురు. వారు నిర్భయముగా “ఇది చాలటం లేదు నాన్నా” అని చెప్పగలిగిన ఇంటిలో, పొరపాటున కొన్న యంత్రము కూడ పెద్ద నష్టము కలిగింపదు.